కామా గారి వాంగ్మూలం

కోర్టులో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతా అందరికీ ఆమె కామా గారు. కొత్తగా వచ్చిన ప్లీడర్లు అది కామాక్షికి ముద్దుపేరనుకుని "కామాక్షి గారూ" అని పిలిచేవాళ్ళు. హాలంతా ఎందుకు నవ్విందో తెలియక బిక్కమొహం వేసేవాళ్ళు. సంగతేమిటంటే, టైపిస్టుగా చేరిన తొలి ఏడాదే ఆమె ఒక తీర్పు ప్రతి పట్టుకుని జడ్జిగారి గది ముందు గంటసేపు నిలబడింది. రెండో పేజీలో ఒక కామా పడకపోతే ఇల్లు అన్నకు చెందుతుందో తమ్ముడికి చెందుతుందో తేలడం లేదని చెప్పడానికి. కామా పడింది. ఇల్లు తమ్ముడికి పోయింది. పేరు మాత్రం ఆమెకు మిగిలింది.

ఇది జరిగి పద్నాలుగేళ్ళు. మూడో అంతస్తు హాల్లో, జడ్జిగారి బల్లకు కిందుగా ఎడమపక్కన ఆమె కుర్చీ. సాక్షి బోనులో నిలబడి తన ధోరణిలో తను చెబుతాడు. జడ్జిగారు విని, దాన్ని కోర్టు భాషలోకి మార్చి వాక్యాలుగా చెబుతారు. ఆమె కొడుతుంది. చివర బెంచి క్లర్కు ఆ కాగితం సాక్షికి చదివి వినిపించి సంతకం పెట్టిస్తాడు. మధ్యలో జడ్జిగారు "ఏమన్నాడమ్మా?" అని అడిగితే తడుముకోకుండా చెప్పడానికని, సాక్షి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా షార్ట్‌హ్యాండ్‌లో ఒక నోటు పుస్తకంలో గీసుకోవడం ఆమెకు అలవాటు. ఆ పుస్తకాలు ఎవరికీ అక్కర్లేదు. పారెయ్యడానికి చేతులు రాక, ఇంట్లో బీరువా కింది అరలో పేర్చుకుంటూ వచ్చింది.

ఇన్నేళ్ళలో లక్ష పేజీలు కొట్టిన మనిషికి ఇప్పుడు రెండే రెండు పేజీలు పెద్ద గండమై కూర్చున్నాయి.

దీనికంతటికీ మూలం వదిన. వదిన అంటే కామా భర్తకు అక్క. అదే ఇంటి పై వాటాలో ఉంటుంది, హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మనిషి బంగారం, నోరు మాత్రం కత్తెర. ఒక ఆదివారం పొద్దున్నే మెట్లు దిగి వచ్చి, యూనివర్సిటీ ప్రకటన కాగితం కామా ముందు పెట్టింది.

"భాషాశాస్త్రంలో ఎం.ఏ. సాయంత్రం క్లాసులు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళూ చేరొచ్చు. అప్లికేషన్ నింపు."

"ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి వదినా నాకు."

"నింపకపోతే తగ్గుతాయా?"

ఫారం నింపడం పది నిమిషాల పని. చివర అడిగినదే చిక్కు: స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. మీరు ఈ శాస్త్రాన్ని ఎందుకు చదవాలనుకుంటున్నారో మీ సొంత మాటల్లో రెండు పేజీలకు మించకుండా రాయండి. గడువు మూడు వారాలు.

"రోజూ ఊళ్ళోవాళ్ళందరి స్టేట్‌మెంట్లూ కొడతావు కదా, నీదొకటి కొట్టలేవా?" అన్నాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ప్రపంచంలోని ప్రతి సమస్యా ఏదో ఒక తీగ ఊడిపోవడం వల్లే వస్తుందని ఆయన గట్టి నమ్మకం.

మొదటి ప్రతి ఇలా మొదలైంది: "చిన్నతనం నుంచీ భాష అంటే నాకు ప్రాణం. భాష అమృతంతో సమానం." వదిన పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను పట్టుకుని చదివింది.

"ఎవరికి కాదమ్మా ప్రాణం? నోరున్న ప్రతివాడికీ ప్రాణమే. ఇది సన్మానపత్రంలా ఉంది. శాలువా ఒక్కటే తక్కువ."

రెండో ప్రతి రాస్తున్నప్పుడు వేళ్ళు అలవాటు ప్రకారం వాటంతటవే పరిగెత్తాయి: "సదరు దరఖాస్తుదారు అయిన నేను, పైన పేర్కొన్న కోర్సునందు చేరుటకు మిక్కిలి ఆసక్తి కలిగియున్నానని ఇందుమూలముగా మనవి చేసుకొనుచున్నాను."

వదిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది చదివితే సీటివ్వరే తల్లీ. బెయిలిస్తారు."

మూడోసారి భర్త రంగంలోకి దిగాడు. ఆయన లిఫ్టు బాగుచేసిన అపార్ట్‌మెంట్‌లో ఎవరి అమ్మాయో ఇలాంటిదే రాసి సీటు తెచ్చుకుందని, బతిమాలి ఆ నమూనా అచ్చు తీయించుకుని వచ్చాడు. కామా అందులోంచి నాలుగు బరువైన వాక్యాలు ఎత్తి తన దాంట్లో అతికించింది. వదిన ఒక మాట కింద గీత గీసి, "దీనర్థమేంటి?" అంది.

"ఏమో వదినా."

"మరి వాళ్ళడిగితే?"

"మా ఆయన తెచ్చాడని చెబుతాను."

భర్త మెల్లగా లేచి, పనుందని స్కూటరు తాళాలు వెతుక్కున్నాడు.

గడువు పది రోజుల్లోకి వచ్చింది. ఆ సాయంత్రం వదిన కింది వాటాలోనే కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది, కామా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఉన్నట్టుండి వదిన తలెత్తింది.

"పద్నాలుగేళ్ళు ఆ హాల్లో కూర్చున్నావు. రోజుకు నలుగురైదుగురు సాక్షులు. నీకు తప్ప ఇంకెవరికీ పట్టని సంగతి ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి."

కామా ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అంట," అంది.

"ఏంటంట?"

"ఏంటని కాదు వదినా. అంట. ఆ మాటే."

వదిన అయోమయంగా చూసింది. కామా చొక్కా పక్కకు నెట్టి, బల్ల అంచున కూర్చుంది.

"తలుపు తీశాడు అన్నారనుకోండి, నేను చూశానని. తలుపు తీశాడంట అంటే, నేను చూళ్ళేదు, ఎవరో చెప్పారని. తీసినట్టున్నాడు అంటే చూళ్ళేదు, ఎవరూ చెప్పలేదు, గాలి కొడుతుంటే నాకు నేనే అనుకున్నానని. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఈ మూడింటినీ కలిపెయ్యదు. ఏడుస్తున్నా కలిపెయ్యదు, ఒళ్ళు మండిపోతున్నా కలిపెయ్యదు. నేర్పించి తీసుకొచ్చిన సాక్షులున్నారే, వాళ్ళు తడబడేది సరిగ్గా అక్కడే. అరగంట సేపు చూశాను చూశాను అని చెప్పి, చివర్లో నోరు జారి 'పారిపోయాడంట' అనేస్తారు."

"మరి మీ కాగితంలో ఏం కొడతావు?"

"అన్నిటికీ ఒకటే. తీసినాడు."

"అదేంటి?"

"కోర్టు భాషలో అంట మోటుగా ఉంటుందని. 'తీసినట్లు విన్నాను' అని కొట్టొచ్చు. కానీ వాక్యం పొడుగవుతుంది, చెప్పేవాళ్ళకు తొందర, బయట ఇంకా ఇరవై కేసులు కాచుక్కూర్చుని ఉంటాయి."

వదిన ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. ఆవిడ అంత మెల్లగా ఆ పని చేయడం కామా ఎప్పుడూ చూడలేదు.

"ఇది రాయి."

"ఇందులో ఏముంది వదినా? అందరికీ తెలిసిందే."

"అందరికీ తెలిసిందైతే మీ కాగితంలో ఎందుకు లేదు?"

కామా మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. చొక్కా చేతి మడత నాలుగుసార్లు రుద్దింది.

"రాయలేను," అంది చివరికి. "రాస్తే, ఆ మాట తీసేసిన చేతులు ఇవేనని కూడా రాయాలి."

వదిన పేపర్లు సర్దుకుని మెట్లెక్కింది.

రెండు రోజుల తర్వాత హాల్లో ఒక దొంగతనం కేసు విచారణకు వచ్చింది. బట్టల గోదాము తాళం పగిలింది, పన్నెండు మూటలు పోయాయి, నేరం వాచ్‌మన్ మీద పడింది. మూడు నెలలుగా జైల్లో ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎవరు తనవైపు చూసినా అలవాటుగా చేతులు కట్టుకునేవాడు. ఆ రోజు సాక్షి గోదాము ఊడ్చే ఆవిడ.

"పొద్దున్నే ఆరింటికి ఊడవడానికెళ్ళానండి," అందావిడ గడగడా. "తాళం పగిలిపోయి కింద పడుంది. వాచ్‌మన్ ఆటో పిలిచాడంట. మూటలెక్కించాడంట. మళ్ళీ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడంట."

జడ్జిగారు గడియారం చూసుకున్నారు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. చెవులు పదును, ఓపిక తక్కువ. "కొట్టండి," అన్నారు. "నేను ఉదయం ఆరు గంటలకు గోదామునకు వెళ్ళగా తాళము పగిలి ఉన్నది. వాచ్‌మన్ ఆటోను పిలిచి, మూటలు ఎక్కించి, తిరిగి వచ్చి కూర్చున్నాడు."

కామా కొట్టింది. మూడు అంటలు వేళ్ళ సందుల్లోంచి జారిపోవడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఇదివరకు కూడా తెలిసేది, కానీ ఇంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు. బెంచి క్లర్కు కాగితం తీసుకుని, ఊపిరి పీల్చుకోకుండా చదివేసి, "అంతేనా అమ్మా?" అన్నాడు.

"అంతేనండి," అందావిడ. మూటల సంగతి వచ్చింది, ఆటో సంగతి వచ్చింది, ఇంకేం కావాలి? సంతకానికి పెన్ను తీసుకుంది.

కామా లేచి నిలబడింది. లేవాలనుకుని లేవలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాక గానీ తను లేచినట్టు ఆమెకే తెలియలేదు.

"సార్, ఒక్క మాట."

హాలంతా తిరిగి చూసింది. జడ్జిగారు అడగకుండా టైపిస్టు నోరు విప్పడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు.

"ఏంటమ్మా?" అన్నారు జడ్జిగారు.

"ఆవిడ పిలిచాడంట అన్నారు సార్. ఎక్కించాడంట, కూర్చున్నాడంట అన్నారు. నేను పిలిచి, ఎక్కించి, కూర్చున్నాడు అని కొట్టాను."

ప్రభుత్వ ప్లీడరు ఫక్కున నవ్వాడు. "అది వాళ్ళ మాట తీరు సార్. అంట అన్నా అదే, అనకపోయినా అదే. ఈవిడ కామాల దగ్గర్నుంచి మాటలదాకా వచ్చారు!"

నలుగురు నవ్వారు. కామా చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు. జడ్జిగారు నవ్వలేదు. సాక్షి వైపు తిరిగారు.

"అమ్మా, వాచ్‌మన్ ఆటో పిలవడం నువ్వు చూశావా?"

ఆవిడ పెన్ను బల్లమీద పెట్టేసింది. "నేనెక్కడ చూశానండి? ఆ టయానికి ఇంట్లో నిద్రపోతున్నాను. అంట అన్నానుగా!"

"మరి నీకెవరు చెప్పారు?"

"యజమాని గారి బావమరిది చెప్పారండి. నాకే కాదు, అందరికీ ఆయనే చెప్పారు. కాంటా దగ్గర మనిషికీ ఆయనే చెప్పారు."

కాంటా దగ్గర తూకాలు చూసే మనిషి అంతకు ముందు వారమే సాక్ష్యం చెప్పి వెళ్ళాడు. జడ్జిగారు ఫైల్లో ఆ పేజీ తీశారు. అందులో ఇలా ఉంది: "మూటలు వాచ్‌మనే తీసినాడని నాకు తెలుసు." ఆయన కళ్ళజోడు మీదుగా కామాను చూశారు.

"ఆ రోజు అతను అన్నమాట మీ దగ్గరుందా?"

కామా నోటు పుస్తకం పేజీలు తిప్పింది. పోయినవారం గీసిన గీతలు దొరికాయి. చదివింది: "వాచ్‌మనే తీశాడంట, అంతే నాకు తెలుసు."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ తరఫు ప్లీడరు, అప్పటిదాకా ఇంకో కేసు కాగితాలు చూసుకుంటున్నవాడు, ఉలిక్కిపడి లేచాడు. ఇద్దరు సాక్షులనూ మళ్ళీ పిలిపించాలని ఆర్డరు పడింది, బావమరిదికి సమన్లు వెళ్ళాయి.

మధ్యాహ్నం జడ్జిగారి గదికి రమ్మని కబురొచ్చింది. మెమో ఇస్తారనుకుంది కామా. సంజాయిషీ ఎలా రాయాలో దారిలోనే ఆలోచించుకుంటూ వెళ్ళింది.

"కూర్చోండి," అన్నారాయన. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. "ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోంది?"

"నేను చేరినప్పటి నుంచీ సార్. పద్నాలుగేళ్ళు. మీరు చెప్పిందే కొట్టాను. అయినా నాకు తెలుసు కాబట్టి..."

"నేను ముప్పై ఏళ్ళ నుంచి చెబుతున్నాను," అన్నారాయన కిటికీ వైపు చూస్తూ. "మీకు తెలిసి కొట్టారు. నాకు తెలియక చెప్పాను. ఎవరిది పెద్ద తప్పో మీరే తేల్చండి." తర్వాత ఇటు తిరిగారు. "ఇక మీదట సాక్షి అంట అంటే కాగితం మీద అంట ఉండాలి. మోటుగా ఉన్నా సరే."

కామా లేవబోయి ఆగింది. సంచిలో వారం రోజులుగా తిరుగుతున్న కాగితం ఒకటి తీసింది. సాయంత్రం చదువుకు ఆఫీసు అనుమతి పత్రం. అడగడానికి నోరు రాక మోసుకు తిరుగుతోంది.

ఆయన చదివారు. "భాషాశాస్త్రమా?" అని, సంతకం పెట్టి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నారు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే భర్త రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. వదిన మాత్రం ఒకటే ప్రశ్న వేసింది. "నువ్వు తీసేసినవి ఎన్ని?"

"వేలుంటాయి."

"వేలంటే? రెండా, తొంభయ్యా? లెక్క చెప్పు. అన్నీ ఉన్నాయిగా బీరువాలో."

తర్వాత నాలుగు రోజులూ కామా భోజనం గంటల్లోనూ, సాయంత్రాలూ రికార్డు గదిలోనే ఉంది. జడ్జిగారి అనుమతితో పాత వాంగ్మూలాల ప్రతులు తీయించుకుని, ఒక పక్క తన షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు, ఇంకో పక్క తను కొట్టిన కాగితాలు పెట్టుకుని వరసగా పోల్చింది. పూర్తిచేయగలిగిన ఎనిమిది పుస్తకాల్లో సాక్షులు పలికిన అంటలు నాలుగు వందల పన్నెండు. కాగితాల మీద ఏదో ఒక రూపంలో మిగిలినవి ముప్పై ఒకటి. లెక్క చూసి వదిన మళ్ళీ ఒకసారి కూడింది. నమ్మక కాదు, అంత పెద్ద తేడా చూడటం ఆవిడకు బాగుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కామా వంటింటి బల్లమీద తెల్లకాగితం పెట్టుకుంది. కంప్యూటరు తెరవలేదు. చేత్తో రాసింది.

"నేను కోర్టులో టైపిస్టును. ఇతరులు చెప్పింది కాగితం మీద పెట్టడం నా పని. పద్నాలుగేళ్ళుగా నేను ఒక చిన్న మాటను చెరిపేస్తూ వచ్చాను. ఎనిమిది పుస్తకాలు వెతికితే నాలుగు వందల పన్నెండు చోట్ల సాక్షులు ఆ మాట పలికారు. నేను ముప్పై ఒక్క చోట్ల మాత్రమే మిగిల్చాను. ఆ మాట 'అంట'. మనిషి తాను చూసినదానికీ విన్నదానికీ మధ్య గీసుకునే గీత అది. చదువు లేనివాళ్ళు కూడా దాన్ని దాటరు. చదువుకున్న మా కాగితం దాటింది. ఇది ఎందుకు జరుగుతుందో నాకు కొంత తెలుసు. తెలియనిదే ఎక్కువ. పిల్లలు ఈ తేడా ఎప్పుడు నేర్చుకుంటారు? అబద్ధం చెప్పేవాళ్ళ నాలుక ఇక్కడే ఎందుకు తడబడుతుంది? ఈ గీత లేని భాషల్లో మనుషులు ఒకరినొకరు ఎలా నమ్ముతారు? నేను చేసినది సరిదిద్దుకోవడానికి సిగ్గుపడటం ఒక్కటే చాలదు, తెలుసుకోవాలి. అందుకే చదవాలనుకుంటున్నాను."

పేజీన్నర అయింది. ఎక్కడా ఆగలేదు. కాఫీ పెట్టుకుందామని లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వు కూడా వస్తోంది.

వదిన నిలబడే చదివింది. ఎర్ర పెన్ను మూత తీయలేదు. "దీన్నిలాగే పంపు," అని కాగితం చేతిలో పెట్టి, నాలుగు మెట్లు ఎక్కి, మళ్ళీ వెనక్కి దిగి వచ్చి కామా తలను గుండెకు హత్తుకుంది. "ఇన్నేళ్ళు నీ వాంగ్మూలం నువ్వు ఇవ్వలేదే పిచ్చిదానా."

నెల తిరిగాక దొంగతనం కేసు తేలింది. గోదాములో పనిచేసే ఒక్క మనిషీ వాచ్‌మన్ మూటలు తీయడం చూడలేదు. అందరి మాటలూ బావమరిది దగ్గరికే చేరాయి. ఆ బావమరిది ఎదురు ప్రశ్నలకు తట్టుకోలేక, మూటలు ఎక్కడ అమ్మాడో తనే చెప్పేశాడు. విడుదలైన వాచ్‌మన్ హాలు దాటుతూ కామా కుర్చీ దగ్గర ఆగాడు.

"నా కోసం ఏదో ముక్క కలిపారంట కదమ్మా."

"కలపలేదండి," అంది కామా. "ఉన్నది తియ్యలేదు, అంతే."

ఆయనకు అర్థమైనట్టు లేదు. దండం పెట్టి, గుమ్మం అవతల ఏడుస్తూ నవ్వుతున్న భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పూట కామా కొట్టిన పేజీల్లో ఎన్నడూ లేనన్ని తప్పులు దొర్లాయి. జడ్జిగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తర్వాతి వారమే యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. పొడవాటి గది, పొడవాటి బల్ల, అవతల ముగ్గురు. నడుమ తల నెరిసిన మేడమ్, ఆ శాఖకు పెద్ద. ఆవిడకు కుడివైపు భారీకాయుడైన ఒక ప్రొఫెసరు. ఎడమవైపు ఒక యువ లెక్చరరు. కామా కుర్చీ లాక్కుంటుండగా భారీ ప్రొఫెసరు మేడమ్ వైపు వంగి, తను గుసగుస అనుకున్న గొంతుతో "ఈవిడ కోర్టులో టైపిస్టంట," అన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూడండమ్మా. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. మీరు ఎందుకు చదవాలనుకుంటున్నారు?"

"అదే రాశాను సార్."

"అంట అనే ఒక్క మాట గురించేగా. ఒక్క మాట మీద రెండేళ్ళు చదవడానికి ఏముంటుంది? ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దానివల్ల మనకు కొత్తగా తెలిసేదేంటి?"

కామాకు ప్రభుత్వ ప్లీడరు నవ్వు గుర్తొచ్చింది. ఈసారి చెవులు వేడెక్కలేదు.

"చాలా తెలుస్తుంది సార్. మీరు నా స్టేట్‌మెంట్ చదవలేదని తెలుస్తుంది."

యువ లెక్చరరు చేతిలోని పెన్ను ఆగిపోయింది.

"అంటే?" అన్నాడు ప్రొఫెసరు.

"నేను టైపిస్టునని మొదటి వాక్యంలోనే రాశాను. చదివుంటే మీరు 'ఈవిడ కోర్టులో టైపిస్టు' అనేవారు. నేను కూర్చుంటున్నప్పుడు మీరు 'టైపిస్టంట' అన్నారు. ఎవరో చెప్పగా విన్నారు, బహుశా లోపలికి వచ్చే ముందే. మీరు దాచాలనుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. మీ నాలుకే నిజం చెప్పేసింది. రోజుకు వందసార్లు అందరి నాలుకలూ ఈ నిజం చెబుతూనే ఉంటాయి సార్. రెండేళ్ళు సరిపోతాయా అనేదే నా భయం."

ఆ వెంటనే మేడమ్ తల వెనక్కి వాల్చి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. యువ లెక్చరరు బల్లమీద చరిచాడు. భారీ ప్రొఫెసరు మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ఆయనకూ నవ్వు ఆగలేదు.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడాయన రెండు చేతులూ ఎత్తి. "చదవలేదు. ఆ కాగితం ఇటివ్వండి." అక్కడే, అందరి ముందే, పేజీన్నరా మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చదివి, "ఆ ఎనిమిది పుస్తకాలు కాక ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు.

"నూట తొంభై సార్. బీరువా కింది అరలో."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లంకెబిందెలు దొరికినవాళ్ళు అలాగే చూసుకుంటారేమో.

సీటొచ్చింది. జాబితాలో మొదటి పేరు. ఆ కబురు భర్త ఫోనుకు వెళ్ళేసరికి ఆయన ఎనిమిదో అంతస్తులో లిఫ్టు నెత్తిమీద కూర్చుని గ్రీజు పూస్తున్నాడు. అక్కడి నుంచే కేక పెట్టాడని, ఎనిమిది అంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయని ఆయన ఇప్పటికీ చెబుతాడు. వదిన తన క్లాసు మధ్యలో ఆపి, పిల్లలకు లెక్క బోర్డు మీద వదిలేసి, వరండాలోకి వచ్చి ఏడ్చి వెళ్ళింది. ఇది ఆవిడ చెప్పదు, ఆవిడ స్కూల్లో పనిచేసే టీచర్లు చెప్పారు. జడ్జిగారు క్లాసుకు అందుకునేలా కామా డ్యూటీ అరగంట ముందుకు జరిపారు.

మొదటి రోజు క్లాసులో కామా కాక ఇరవై ఒక్కమంది. అందరూ ఆమెకు తమ్ముళ్ళూ చెల్లెళ్ళంత కూడా కాదు, మేనల్లుళ్ళూ మేనకోడళ్ళంత వయసువాళ్ళు. తల నెరిసిన మేడమ్ పలకరింపులేమీ లేకుండా ఒక చిన్న స్పీకరు బల్లమీద పెట్టింది.

"ఇప్పుడు ఒక ముసలాయన మాట్లాడతాడు. ఏ భాషో నేను చెప్పను, మీకెవరికీ రాదు. అర్థం వెతక్కండి. వినబడింది వినబడినట్టు రాయండి. ఒక్కసారే వినిపిస్తాను."

గొంతు మొదలైంది. ముక్కులోంచి వచ్చే ధ్వనులు, గొంతు లోపల ఎక్కడో విరిగే హల్లులు, ఊపిరి మధ్యలో ఆగిపోయే మాటలు. రెండో వాక్యానికే చాలామంది పెన్సిళ్ళు ఆగాయి. ఇంకొందరు తలలు గోక్కున్నారు. కామా తల వంచుకుని ఉంది. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు, సాక్షి ఎంత గడగడా చెప్పినా ఆగని చెయ్యి అది. గొంతు ఆగేసరికి పేజీ నిండింది.

మేడమ్ వరసల మధ్య నడుస్తూ వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడింది. పేజీ నిండా వంపులు, గీతలు, చుక్కలు.

"ఇదేం లిపి?"

"షార్ట్‌హ్యాండ్ మేడమ్. అక్షరాన్ని బట్టి కాదు, ధ్వనిని బట్టి రాస్తాం. అందులో లేని రెండు ధ్వనులకు ఇప్పుడే గుర్తులు పెట్టుకున్నాను."

"చదవగలరా?"

కామా చదివింది. ముక్కు ధ్వని దగ్గర ముక్కుతో, గొంతు విరిగిన చోట గొంతు విరిచి, ఆ ముసలాయన ఊపిరి ఆపిన చోట ఆపి, చివరిదాకా చదివింది. వెనక వరసలో ఒకమ్మాయి "అమ్మో!" అని పైకే అనేసింది.

మేడమ్ సుద్దముక్క తీసి కామా ముందు పెట్టింది. "బోర్డు మీద రాయండి. అందరికీ కనబడేలా, పెద్దగా."

కామా లేచింది. ఈసారి లేవాలనుకునే లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని, ఇరవై ఒక్కమంది చూస్తుండగా బోర్డు దగ్గరికి నడిచి, ఎడమవైపు పై మూల నుంచి మొదలుపెట్టింది.